‘పంపమంటారా?’ అని అడిగిన సర్వీసు

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి "సార్‌కి అన్నీ తెలుసు" అంటుంటారు. అది వాళ్ళ మర్యాద. తెనాలిలో ఒక కంప్యూటర్ సర్వీసు కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. రేపల్లె, బాపట్ల, చేబ్రోలు, నిజాంపట్నం, ఎక్కడ కంప్యూటర్ మొరాయిస్తే అక్కడికి సంచీ భుజాన వేసుకుని రైలో బస్సో ఎక్కడమే నా ఉద్యోగం. అందులో సగానికి పైగా కాలం ఏదో ఒక స్క్రీను ముందు కూర్చుని, ఇదేంటి ఇలా చేస్తోంది అని తల గోక్కుంటూ గడిపాను. నిజం చెప్పాలంటే ఈ వృత్తి అంటే అదే. తెలిసిన పని పది నిమిషాల్లో అయిపోతుంది, మిగతా రోజంతా తెలియనిదే ఉంటుంది.

నాకు ఏ ఏడు జీతం పెరిగిందో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. ఒక స్క్రిప్టును కంప్యూటర్ వెనకాల సర్వీసుగా నడిపించడం అనే చిన్న పని గురించి రాస్తాను. చిన్నదని ఎందుకన్నానంటే చేయడానికి అరగంట చాలు. అది ఏం చేసిందో అర్థమవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

సాంబయ్య మూసేసిన నల్ల స్క్రీను

స్క్రిప్టు అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. ‘ఇది వస్తే అది చెయ్యి’ అని కంప్యూటర్‌కి మనం రాసిచ్చే చీటీ. రేపల్లెలో ఒక రైసు మిల్లులో లారీల కాటా దగ్గర ఒక కంప్యూటర్, దొడ్డి అవతల ఆఫీసులో ఇంకొకటి ఉండేవి. కాటా మీద లారీ ఎక్కగానే ఆ తూకం ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్ళేలా ఒక స్క్రిప్టు రాశాను. అది నడుస్తున్నంత సేపూ నల్లటి స్క్రీను ఒకటి తెరుచుకుని ఉంటుంది. దాంట్లో అక్షరం ముక్క కనపడదు.

కాటా దగ్గర కూర్చునే సాంబయ్య రోజూ దాన్ని మూసేసేవాడు. మధ్యాహ్నానికి ఆఫీసు నుంచి ఫోను, తూకాలు రావట్లేదని. నేను రైలెక్కి వెళ్ళడం, మళ్ళీ తెరవడం, సాంబయ్యకి క్లాసు పీకడం. స్క్రీను అంచున ‘మూయరాదు’ అని కాయితం కూడా అంటించాను. కాయితం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది, నల్ల స్క్రీను మాత్రం మూసి ఉంది.

"ఏంటి సాంబయ్యా, చదవలేదా?"

"చదివానండి. అందులో ఏమీ లేదు కదండి. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆపెయ్యమా మరి?"

ఆలోచిస్తే అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. తప్పు నాది. మనిషి ముందు పెట్టకూడని దాన్ని అతని ముందు పెట్టి, ముట్టుకోవద్దు అన్నాను. అప్పుడు నేర్చుకున్నాను, స్క్రిప్టును సర్వీసుగా మార్చడం. సర్వీసుకి స్క్రీను ఉండదు. కంప్యూటర్ వెలిగించగానే, ఎవరూ లాగిన్ కాకముందే మొదలవుతుంది. లాగౌట్ చేసి ఇంటికెళ్ళినా నడుస్తుంది. సర్వీసుల జాబితాలో దాని పేరు, పక్కన ‘రన్నింగ్’ అనే మాట, అంతే. సాంబయ్య చేతికి అందదు కాబట్టి నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

బాపట్లలో రెండు రోజులు

ఆ పొంగు బాపట్లలో దిగింది. అక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబులో, రిపోర్టులు డాక్టరు గారి గదికి వాటంతటవే వెళ్ళేలా ఇలాంటిదే పెట్టాను. ‘రన్నింగ్’ అని ఉంది. ఒక్క రిపోర్టు వెళ్ళలేదు. ఆపి, చేత్తో నడిపితే అన్నీ వెళ్తున్నాయి. మళ్ళీ సర్వీసుగా పెడితే ఒక్కటీ లేదు. స్క్రిప్టు బాగుంది, కంప్యూటర్ బాగుంది, వైరు బాగుంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

రెండో రోజు సాయంత్రానికి తేలింది. డాక్టరు గారి గదికి దారిగా పెట్టుకున్న జెడ్ డ్రైవు అనేది లాగిన్ అయిన అమ్మాయిది. సర్వీసు ఆ అమ్మాయి పేరు మీద నడవదు. అదే కంప్యూటర్‌లో ఉన్న వేరే మనిషి కింద లెక్క. ముందు గదిలో కూర్చున్నవాళ్ళకి కనిపించే అల్మరా వెనక గదిలో ఉన్నవాళ్ళకి కనపడనట్టు, దానికి జెడ్ అనేదే లేదు. పూర్తి దారి రాసిస్తే పని అయిపోయింది. దాంతో ఈ సర్వీసుల సంగతి నాకు అర్థమైపోయిందనుకున్నాను. నిజానికి వెనక గదిలోంచి ముందు గది కనపడదన్న సగమే నేర్చుకున్నాను. వెనక గదిలో జరిగేది ముందు గదికి కనపడదన్న రెండో సగం తట్టనే లేదు.

మా ఓనరు గారి సూత్రం

మా ఓనరు గారు మంచివారు. టీ తాగించందే పంపేవారు కాదు. ఆయనకి ఒక సూత్రం ఉండేది. "కస్టమరు ముందు ‘తెలీదు’ అనే మాట రాకూడదయ్యా. ఆ మాట అంటే రేపట్నుంచి పక్క షాపుకి ఫోను చేస్తాడు. ‘చూద్దామండి’ అను, ‘అయ్యుండొచ్చండి’ అను. తర్వాత మనం చూసుకుందాం."

మేమంతా దాన్ని వేదంలా పాటించాం. ఆయన చెప్పిన మిగతావన్నీ మీరు కళ్ళు మూసుకుని పాటించొచ్చు, దీన్ని మాత్రం పాటించకండి. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నిజాంపట్నం సంఘం ఆఫీసు

నిజాంపట్నం హార్బరులో కొందరు బోటు ఓనర్లు కలిసి పెట్టుకున్న ఒక చిన్న సంఘం ఉండేది. ఒక గది, ఒక కంప్యూటర్, ఒక సెక్రటరీ గారు, క్లర్కుగా కరుణమ్మ. ఆమెది పక్కనే ఉన్న పల్లె. ఆ పల్లెలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. అన్నయ్య ఏసుపాదం గారు ఒక బోటుకి డ్రైవరు. నేను వెళ్తే, "సార్, ముందు మజ్జిగ తాగండి, అది ఎక్కడికీ పోదు" అని కంప్యూటర్ వైపు చూపించేది.

వాతావరణం నోటీసులు మెయిల్లో వస్తాయి. అవి రాగానే ఓనర్లకీ డ్రైవర్లకీ ఫోన్లలో మెసేజ్ వెళ్ళాలి, అదీ వాళ్ళు అడిగింది. గాలి ఎంత, అల ఎంత అనే మామూలు నోటీసులు తిన్నగా పంపెయ్యొచ్చు. వేటకి వెళ్ళొద్దు అనే ఎర్ర నోటీసు దగ్గర సెక్రటరీ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది మాత్రం నన్నడక్కుండా పోకూడదండి. నిరుడు పంపితే మర్నాడు చక్కగా ఎండ కాసింది. బోట్లు కట్టేసుకున్నవాళ్ళంతా ఈ గుమ్మంలో నిలబడి నన్ను కడిగేశారు."

మా వైపు ఇది కొత్త కాదు. శుభలేఖ అచ్చుకివ్వాలన్నా, అరుగు పడగొట్టాలన్నా పెద్దాయన్ని ఒక మాట అడిగి చేస్తాం. కంప్యూటర్‌కి కూడా ఆ మర్యాద నేర్పాను. ఎర్ర నోటీసు వస్తే స్క్రీను మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి ‘పంపమంటారా?’ అని అడుగుతుంది. కింద అవును, కాదు. కరుణమ్మ సెక్రటరీ గారికి ఫోను చేసి, సరే అంటే అవును నొక్కుతుంది. జవాబు వచ్చేదాకా స్క్రిప్టు కదలదు. చాలా పద్ధతిగా ఉందని సెక్రటరీ గారు మెచ్చుకున్నారు.

చిక్కేమిటంటే కరుణమ్మకి శుభ్రత ఎక్కువ. సాయంత్రం కీబోర్డూ మౌసూ గుడ్డతో తుడిచి, లాగౌట్ చేసి, కంప్యూటర్‌కి ముసుగేసి గానీ వెళ్ళదు. లాగౌట్ అవగానే స్క్రిప్టు ఆగిపోయేది. మామూలు నోటీసులు మర్నాడు పొద్దున వెళ్ళేవి. అందుకని ఒక మధ్యాహ్నం దాన్ని సర్వీసుగా మార్చేశాను. మామూలు నోటీసులతో మూడుసార్లు పరీక్షించాను, మూడుసార్లూ వెళ్ళాయి. ఎర్ర నోటీసుతో పరీక్షించలేదు. పొరపాటున అందరి ఫోన్లకీ పోయి మళ్ళీ గుమ్మంలో జనం చేరతారని భయం.

"ఇక మీరు లాగౌట్ చేసినా ఫర్వాలేదమ్మా. ఎర్రది వస్తే మాత్రం ఎప్పటిలాగే మిమ్మల్ని అడుగుతుంది, నొక్కండి" అని చెప్పాను. తుపాన్ల రోజుల్లో ఆదివారం కూడా ఆఫీసు తీస్తానని కరుణమ్మ అంది. ఆ ఏర్పాటు చాలనుకుని నేను తెనాలి వచ్చేశాను.

ఆదివారం

నెలా పదిరోజులు అంతా సవ్యంగా నడిచింది. ఆ ఆదివారం పొద్దున పదకొండింటికి ఎర్ర నోటీసు వచ్చింది. కరుణమ్మ చర్చిలో ఆరాధన అయ్యాక పన్నెండున్నరకి ఆఫీసు తీసింది. లాగిన్ అయ్యింది. స్క్రీను మీద ఏమీ లేదు. మూడింటి దాకా కూర్చుని, తుడిచి, ముసుగేసి ఇంటికెళ్ళింది.

టీవీలో చూసిన ఓనర్లు బోట్లు తియ్యలేదు. ఆ సాయంత్రం ఒక్క బోటు వెళ్ళింది, ఏసుపాదం గారిది, ఐదుగురు మనుషులతో. టీవీ వాళ్ళు ఎప్పుడూ అలాగే అరుస్తారు, నిజమైతే మా చెల్లి ఆఫీసులోంచి మెసేజ్ వస్తుంది కదా అన్నారట.

సోమవారం పొద్దున నాకు ఫోను వచ్చింది. రేపల్లె రైలు, అక్కడ్నుంచి బస్సు, హార్బరు చేరేసరికి గాలికి నిలబడలేకపోతున్నాను. బోటు నుంచి ఏ కబురూ లేదు. ఆఫీసులో ఇరవై మంది, గోడవారన కరుణమ్మ. ఆమె వదిన, ఏసుపాదం గారి భార్య, గుమ్మంలో కూర్చుని ఉంది.

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ‘రన్నింగ్’ అని ఉంది. స్క్రిప్టు రాసుకునే చిట్టాలో ‘ఎర్ర నోటీసు వచ్చింది’ అనే వరస ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. తప్పు అని గానీ, పంపాను అని గానీ, ఏమీ లేదు. చావలేదు, పని చెయ్యలేదు, మరి ఏం చేస్తోంది? సర్వీసు ఆపి స్క్రిప్టును చేత్తో నడిపాను. మెసేజ్ టకీమని వెళ్ళింది. గదిలో అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. వేటకి వెళ్ళొద్దని, ఒక రోజు ఆలస్యంగా. గుమ్మంలో ఉన్న ఆవిడ అప్పుడు తలెత్తి నావైపు చూసింది.

మళ్ళీ సర్వీసు మొదలుపెట్టాను. మామూలు నోటీసు ఒకటి వచ్చింది, వెళ్ళింది. అంతా బాగుంది. బాగుండటమే నాకు అర్థం కాలేదు.

సెక్రటరీ గారు అందరి ముందూ అడిగారు. "మెషీను బాగానే ఉందిగా. అడిగి ఉంటుంది. ఈవిడే చూడకుండా మూసేసి ఉంటుంది. అవునా సార్?"

"ఏమీ రాలేదండి. నేను చూస్తూనే ఉన్నానండి" అంది కరుణమ్మ.

"రాకుండా ఎలా ఉంటుందమ్మా? ఏమంటారు సార్?"

నాకు తెలీదు. అప్పుడు నేను చెప్పగలిగిన నిజం ఆ ఒక్కటే. కానీ ఇరవై మంది నా మొహమే చూస్తున్నారు, ఓనరు గారి సూత్రం నాలిక మీద సిద్ధంగా ఉంది. "అయ్యుండొచ్చండి" అన్నాను.

అంతే. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేము మాత్రం ఆ రోజు పాపమంతా ఆమె కొంగులోనే పోశాం. మూసేసి ఉంటే చిట్టాలో ‘కాదు’ అని పడాలి, పడలేదు. ఆ స్క్రిప్టు రాసింది నేనే, ఆ సంగతి నాకే తట్టాలి. తట్టలేదు.

మంగళవారం బోటు దక్షిణాన ఎక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఐదుగురూ బతికారు. తాడు చుట్టుకుని ఏసుపాదం గారి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. బుధవారం కరుణమ్మని పనిలోంచి తీసేశారు.

సీతాఫలం

గురువారం తెనాలిలో మా ఇంట్లో అదే స్క్రిప్టును మళ్ళీ మళ్ళీ నడుపుతున్నాను. అన్నం సహించట్లేదు. మా ఆవిడ సీతాఫలం ఒకటి ఒలిచి చేతిలో పెట్టింది. రెండు చేతులూ జిగురు. అప్పటికే నడిపి పెట్టిన స్క్రిప్టు ‘పంపమంటారా?’ అని అడిగింది. మౌసు ముట్టుకోలేక, ఆ పెట్టెను అలా చూస్తూ కూర్చున్నాను.

సోమవారం ఆఫీసులో చేత్తో నడిపినప్పుడు కూడా ఆ పెట్టె వచ్చింది. నా చెయ్యే అలవాటుగా అవును నొక్కేసింది, నాకు నొక్కినట్టే తెలియలేదు. సర్వీసుగా నడిచేటప్పుడు కూడా అది అడిగింది. కాకపోతే వెనక గదిలో అడిగింది. సర్వీసు తెరిచే పెట్టె మనం లాగిన్ అయిన స్క్రీను మీద రాదు. ఎవరికీ కనపడని చోట తెరుచుకుంటుంది. అక్కడ అది ఆదివారం పదకొండింటి నుంచి, నేను ఆపేదాకా, జవాబు కోసం మర్యాదగా నిలబడి ఉంది. నడుస్తున్నట్టే లెక్క కాబట్టి ‘రన్నింగ్’. మామూలు రోజుల్లో అడగాల్సిన అవసరం లేదు కాబట్టి బాగానే పనిచేసింది. పనికిరావాల్సిన ఆ ఒక్క రోజే పనికిరాకుండా ఉండేలా నేనే తయారుచేశాను.

శుక్రవారం నిజాంపట్నం వెళ్ళి, సెక్రటరీ గారి గదిలో కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ తప్పు లేదు, తప్పు నాదే అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. "సరేలెండి. నేను వాళ్ళకి చెప్తాను. మీరు దాన్ని సరిచేసి వెళ్ళండి" అన్నారు. అడిగే పెట్టె తీసేశాను. ఆయన ఫోనుకే ప్రశ్న వెళ్ళేలా, పది నిమిషాల్లో వద్దు అనకపోతే దానంతట అదే పంపేసేలా మార్చాను. ఎర్ర నోటీసుతో పరీక్షించాను కూడా, చేతులు కాలాక.

కరుణమ్మ ఇల్లు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరమే. వెళ్ళలేదు. సెక్రటరీ గారు చెప్తానన్నారు కదా అనుకున్నాను, బస్సు టైమయిందనుకున్నాను. ఆమె మొహం చూడటానికి ధైర్యం చాలలేదన్నది అసలు సంగతి.

రేపల్లె బస్సు

నేను రిటైరయ్యాక, పోయిన ఏడాది, నిజాంపట్నంలో తెలిసినవాళ్ళింట్లో గృహప్రవేశానికి వెళ్తూ రేపల్లెలో బస్సెక్కాను. పక్క సీట్లో ఖాళీ గంప ఒడిలో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఎండురొయ్యల వాసన వస్తోంది.

"బాగున్నారా సార్? గుర్తుపట్టారా?"

కరుణమ్మ. ఎనిమిదేళ్ళయింది. జుట్టు సగం తెల్లబడింది. రేపల్లె బజారులో ఎండుచేపలు అమ్ముకుని వెళ్తోంది. ఆమే మాట్లాడింది.

"నేను చాలాసార్లు ఆలోచించానండి. ఆ రోజు వెళ్ళబోయే ముందు మౌసు తుడిచాను కదండి. అప్పుడే నొక్కుకుపోయి ఉంటుంది. మీరు అంత నమ్మకంగా నేర్పించారు, నేనే చెడగొట్టాను."

ఆమెకి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా ఈ మనిషి తన చేతిలోని గుడ్డను తప్పుపట్టుకుంటూ బతుకుతోంది. నేను తెనాలిలో సుఖంగా పెన్షను కాయితాలు చూసుకుంటున్నాను. బస్సులోనే మొత్తం చెప్పాను. వెనక గది, కనపడని పెట్టె, గురువారం నాకు తెలిసిన సంగతి, శుక్రవారం నేను ఆమె ఇంటికి రాకపోవడం. సరిగ్గా చెప్పానో లేదో తెలీదు. ఆమె గంప అంచు పట్టుకుని ముందు సీటు వైపు చూస్తూ వింది.

"అయితే అది నాకు కనపడే వీలే లేదంటారా?"

"లేదమ్మా. మీరు రోజంతా కళ్ళార్పకుండా చూసినా కనపడదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వాళ్ళ పల్లె రాగానే లేచి, "దిగండి సార్. మా అన్నయ్యకి మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మడు" అంది. దిగాను.

ఏసుపాదం గారు ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ ఇంటి గడప తొక్కి ఎనిమిదేళ్ళయిందని నాకు అప్పుడు తెలిసింది. నేను నిలబడే చెప్పాను. ఆయన ఎడంచేత్తో, వేళ్ళు లేని కుడిచెయ్యి పట్టుకుని వింటున్నారు. మధ్యలో ఒక్కసారి అడిగారు, "సెక్రటరీకి తెలుసా?" అని. తెలుసన్నాను.

ఆయన లేచారు. నన్ను దాటుకుని గేటు దాకా వెళ్ళారు.

"అన్నం తినేసి వెళ్ళు చెల్లీ. మీ వదిన పులుసు పెట్టింది" అన్నారు.

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన నన్ను కూర్చోమని అనలేదు. నేను గేటు దగ్గరగా వేసి, బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాను.